మట్టం గొట్టం

అంట్లు తోమే గచ్చు మీది నీళ్ళు
కాలవ వైపు పోవు.
పదకొండేళ్ళుగా వంటింటి గడప దాకా నడిచొచ్చి
పిలవని పేరంటానికి వచ్చినట్టు
కూర్చుంటాయి.

బైరాగి మేస్త్రి కేరళలో ఉన్నాడు.
ఫోను చేస్తే వెనకాల వాన చప్పుడు,
ఎవరిదో మేడ లేస్తున్న చప్పుడు.
"దసరాకొత్తానమ్మా" అంటాడు.
ఏ దసరాకో చెప్పడు.

సోమవారం కుట్టుమిషనుకి ముసుగేసి
గుణుపురం బజారులో ఇనప సామాన్ల కొట్టుకెళ్ళాను.
తాపీ అడిగాను.
"కర్ణీ?" అన్నాడు సాహు.
ఒకే వస్తువును చెరో పేరుతో పట్టుకుని
ఇద్దరం కాసేపు నిలబడ్డాం.

గుడ్డ మీద గీత గీసే చెయ్యి కదా,
గచ్చు ఒక లెక్కా అనుకున్నాను.
గుడ్డ తప్పితే కుట్టు విప్పొచ్చు.
సిమెంటుకి కుట్టు విప్పడం ఉండదు.

పాత గచ్చు పగలగొడితే
కంకర మధ్య నీలం గాజుముక్క.
నాదే.
ఏ చేతిదో, ఏ రోజుదో గుర్తు లేదు.

వంశధార ఇసుకని పాత దోమతెరలో జల్లించాను.
అడుగున నత్తగుల్లలు మిగిలాయి.
పారెయ్యబుద్ధి కాలేదు,
మిషను సొరుగులో బొత్తాలతో కలిపేశాను.

ఒకటికి నాలుగు పాళ్ళు, అది తెలుసు.
వాలు మాత్రం కంటికి దొరకదు.
దానికో గొట్టం కావాలి, లోపల నీళ్ళు,
గాలిబుడగ ఒక్కటీ ఉండకూడదు.
గొట్టానికి రెండు చివర్లు.
నాకూ రెండు చేతులున్నాయి గానీ
పదిహేనడుగుల దూరంలో లేవు.

కంచె అవతల జమున గొమాంగో
కోళ్ళతో సవర మాట్లాడుతోంది.
నాతో ఒడియా. కోపమొస్తే తెలుగు.
చీర ఎగదోపి వచ్చి
కాలవ దగ్గర రెండో చివర పట్టుకుంది.

నీళ్ళు అటు లేచి ఇటు దిగి
మా ఇద్దరి మధ్యా కాసేపు బేరమాడాయి.
"అయిందా?" అన్నాను.
ఊపిరి బిగపట్టి చూసి, "హెలా" అంది.
అక్కణ్ణించి గజానికి అరంగుళం దించుకుంటూ పోయాం.
మోకాళ్ళు రెండు రోజులు నన్ను తిట్టాయి.

ఆ రాత్రే పిల్లొచ్చి
పచ్చి గచ్చు మీద నాలుగడుగులేసి
మనసు మార్చుకుని వెనక్కెళ్ళింది.
ఉండనీ అన్నాను.

వారం పాటు గోనెపట్టాలు తడిపాక
మొదటి బకెట్టు కుమ్మరించాను.
నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించి
కాలవ వైపు తిరిగాయి.
ఓలమ్మ! అరిచేశాను వీధి వినేలా.

సాసరంత నీరు మాత్రం నడిమధ్యలో ఆగింది.
"మేస్త్రి చేసుంటే ఇలా ఉండునా?" అంది ఎదురింటి సరోజిని.
మేస్త్రి చేసిందే కదా
పదకొండేళ్ళు తుడిచాను.

ఆదివారం జమున మేకలపాకకి అరుగు.
గొట్టం రెండో చివర ఇప్పుడు నేను.
"అయిందా?" అంది అటునుంచి, తెలుగులో.
కోపమేం లేదు.
నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.
"రుహ" అన్నాను, ఆగమని.