ఎంటర్ మీద ఎరుపు

సీటీసీల మూడో అంతస్తు, మెట్ల పక్క షట్టర్ల
పన్నెండు వేలకు బేరమాడి తెచ్చుకున్న ల్యాప్‌టాప్.
"సెకండ్ హ్యాండ్ అని ఎవ్వలన్నరక్కా,
ఒక్కటే చెయ్యి వాడింది" అని ఒట్టుపెట్టిండు జహీరు.
నిజమే. ఒక్కటే చెయ్యి. ఒక్కటే జత కండ్లు.
ఫైళ్లన్నీ తుడిచిండ్రు గానీ
ఆ కండ్లను తుడుచుడు మర్చిపోయిండ్రు:

అక్షరాలు నూట డెబ్బై ఐదు శాతం.
వెలుగు ముప్పై, ఆపైన ఎక్కనియ్యలే.
నైట్ లైట్ పగలూ రాత్రీ ఆన్,
తెర మొత్తం చిక్కటి చాయ్ పోసినట్టు.

రెండు నెలలు నేనట్లనే నడిపిన.
ఛత్తా బజార్ల మా షాపుల పని అసొంటిది,
పొద్దున శుభలేఖ, మాపటికి వలీమా కార్డు,
నడుమ ఎవరిదో దశదినకర్మ పత్రిక,
మూడింటికీ ఒకటే మౌస్.

మొన్న అల్వాల్ నుంచి దమయంతమ్మ వచ్చింది,
రెండు వందల కార్డులు బల్ల మీద కుప్ప పోసింది.
"బిడ్డా, నేనడిగింది కుంకుమ రంగు. ఇది వంకాయ.
నేను పెండ్లికి పిలుస్తున్ననా
బగారా బైంగన్ వండుతున్ననా?"

ముస్తాక్ భాయ్ ఏమనలే.
జీతంల కోసుకుంటనని చెప్పకుంటనే
కాలిక్యులేటర్ల ఏదో కొట్టిండు.

ఈ రాత్రి షట్టర్ సగం దించి
మదీనా దిక్కు బండ్ల మోత సన్నగిల్లినంక
డిస్‌ప్లే సెట్టింగులు తెరిచిన.

ముందుగాల నైట్ లైట్ ఆపిన.
తెల్లటి తెర చెంప మీద కొట్టినట్టు.
అద్దాలు తీసి చున్నీతో తుడుచుకున్న,
తప్పు అద్దాలది కాదని తెలిసి గూడ.
వెలుగును ముప్పై నుంచి డెబ్బైకి జరిపిన.
అక్షరాలు నూరు శాతం చేస్తే
తెర నిండ గసాలు ఒలికినయి.
చి.ల.సౌ. యాడున్నదో దేవులాడవలసి వచ్చింది.

తర్వాత రంగు.
పొద్దున బేగంబజార్ల కొన్న పది రూపాయల కుంకుమ
పొట్లం విప్పి, తెల్ల కాయితం మీద చిటికెడు పోసి
తెర పక్కన పెట్టిన.
ఎరుపును గుంజిన, వదిలిన, నీలాన్ని తగ్గించిన.
ఒక్క వెంట్రుక వాసి దగ్గరికి తెచ్చి
తలెత్తి ట్యూబ్‌లైట్ చూసిన. అదొక ఆకుపచ్చ దొంగ.
అది ఆపి, కాయితం పట్టుకొని
మెట్ల కాడి బల్బు కిందికి పోతే
కుంకుమే మాట మార్చింది.
ఫోన్ టార్చ్ కొడితే ఇంకో మాట.
దమయంతమ్మ కండ్లల్ల ఉన్న ఎరుపు
ఏ ఎండల, ఏ దీపం ముందర నానిందో,
దాన్ని జరిపే గీత ఏ సెట్టింగుల దొరుకుతది?

ఆఖరికి పొద్దటి ఎండను యాది చేసుకొని ఒక కాడ ఆపిన.
రెజల్యూషన్ గూడ ఒక మెట్టు పెంచితే
తెర అడిగింది:
ఈ మార్పులు ఉంచాల్నా?
లేకుంటే పదిహేను సెకన్లల్ల పాతదే.

పద్నాలుగు. పదమూడు.
చేతికంతా కుంకుమ.
తుడుచుకుందామంటే చున్నీ తెల్లది.
తొమ్మిది.
ముందటి మనిషి యాదికొచ్చింది,
ఆడో మగో తెల్వదు.
పక్కన ఎవ్వలు పండుకుంటే
వెలుగును ముప్పైకి దించుకున్నదో,
నూరు నుంచి నూట ఇరవై ఐదుకు,
అండ్లకెల్లి నూట యాభైకి, ఆపైకి
ఎన్నేండ్లకు ఒక్కో మెట్టు ఎక్కిందో,
తన తర్వాత ఈ తెర ముందు
ఎవ్వలు కూసుంటరని అనుకున్నదో.
మూడు. రెండు.
తెర ఒక్కపారి నల్లగై
మళ్ల పాత తీరుకే వచ్చింది.

నవ్వొచ్చింది నాకు.
మళ్ల మొదలుపెట్టిన.
ఈసారి అక్షరాలను నూరు కాడ గాదు,
నూట ఇరవై ఐదు కాడ ఆపిన.
నలభై మూడు నిండినయి, ఎవ్వలకు చెప్పుడెందుకు.
ప్రశ్న రాంగనే
చిటికెన వేలుతోటి ఎంటర్ కొట్టిన.

పొద్దున ముస్తాక్ భాయ్ వంగి చూసి
"యే లాల్ క్యా హై మేడమ్, కీ మీద?" అన్నడు.

శాంపిల్ భాయ్, అన్న.
దమయంతమ్మ వస్తే గిదే చూపియ్యాలె.