పడమటి కొమ్మ

మెసియా లోయలో ఫిబ్రవరి.
కాలువకింకా నీళ్లు వదల్లేదు.
అడుగున పగిలిన ఒండ్రు మీద
ఎవరిదో కుక్క నడిచిన గుర్తులు.

నికానోర్‌కి నా మాట అందదు.
ముప్పై కోతలు, పెకాన్ చెట్లను కుదిపే యంత్రం మీద కూర్చున్నాడు;
కాయలతో పాటు చెవులూ రాలిపోయాయంటాడు.
అందుకే కొమ్మకు అరచెయ్యి ఆనించి
రెండో చేత్తో ఓ గుద్దు గుద్దుతాడు.
గట్టిదైతే చేతిలో మోగుతుంది,
పుచ్చుదైతే ఊరుకుంటుంది.

రోజుకూలికి వచ్చినదాన్ని. నిచ్చెన పట్టుకోవడం,
పడ్డవి ఈడ్చడం నా పని.
పదిహేను రోజుల్లో కాస్త నేర్చుకున్నాను:
మానుకు మరీ ఆనించి కొయ్యకూడదు,
మొద్దూ మిగల్చకూడదు.
కొమ్మ మొదట్లో ముడతలు పడ్డ మెడపట్టీ ఉంటుందే,
దాన్ని వదిలేసి, సరిగ్గా దాని అవతల.
గాయానికి రంగు పూయక్కర్లేదు,
చెట్టు లోపల్నించి తనే తలుపేసుకుంటుంది.

పదకొండో వరుస, కాలువ గట్టు పక్క చెట్టు.
ఒకటే మాను, రెండు రకాల కాయ.
చెట్టంతా పొడుగు కాయ, పలచటి పెంకు.
పడమటి కొమ్మకు మాత్రం గుండ్రటివి, నూనె ఎక్కువ.
అది తమ్ముడు సిప్రియానో కట్టిన అంటు.

ఒక జూలై రాత్రి, నీటి వంతు దగ్గర,
తూము ఎవరు ముందెత్తారన్న మాట మీద
ఇద్దరికీ చెడింది.
పంతొమ్మిదేళ్లు.
కంచె అవతలే ఆయన ఇల్లు.
ఆకు రాలిన కాలంలో కిటికీ సగం కనిపిస్తుంది,
మిగతా సగానికి ఈ కొమ్మే అడ్డం.

ఏటా ఇక్కడిదాకా వచ్చి
నిచ్చెన పక్క చెట్టుకు జరుపుతాడట.
ఈ ఏడు జరపలేదు.
మానుకీ కొమ్మకీ మధ్య సందు మరీ ఇరుకు,
లోపల బెరడు నలిగి నల్లబడింది.
నిరుడు విరగ్గాసింది, ఈ ఏడు చెట్టుకు విశ్రాంతి.
వచ్చే ఏటి బరువుకు చీలిందా,
మాను నడుం దాకా పోతుంది.

అరచెయ్యి ఆనించాడు. గుద్దలేదు.
"మోగుతోందా?" అన్నాను,
వినబడదని మరిచిపోయి.

ముందు కింద నుంచి ఒక గాటు.
జానెడు అవతల, పైనుంచి ఇంకోటి.
నేల కొంచెం అదిరింది, అంతే.
చివర్న మిగిలిన మొద్దు, మెడపట్టీ దాకా, నెమ్మదిగా.

ఈడ్చబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు.
దిగి, మోకాళ్ల మీద కూర్చుని,
కొసల్లో నిరుటి చిగురు వెతికి
పెన్సిలు లావు పుల్లలు ఏరి ఏరి కోశాడు.
పద్నాలుగు.
తడి న్యూస్‌పేపర్లో చుట్టి,
ఏ కొస పైకో తెలియడానికి
ఎర్ర దారం కట్టాడు.

ఇప్పుడవి ఫ్రిజ్‌లో, మిరపకాయల డబ్బా వెనక.
"పుల్లలకు చోటుంది, పాలకు లేదు," అంది హెర్లిందా.
ఏప్రిల్లో బెరడు వదులయ్యేదాకా
అవి చల్లగా నిద్రపోవాలి.

కూలి లెక్కపెట్టి ఇస్తూ, నన్ను చూడకుండా అన్నాడు:
"నేను కట్టిన అంటు ఒక్కటీ అతకలేదెప్పుడూ."
కొమ్మ పోయిన చోట నుంచి
అవతలి కిటికీ మొత్తం కనిపిస్తోంది.
లోపల ఎవరో దీపం వేశారు.

"రేపు పన్నెండో వరుస," అన్నాడు,
"రంపానికి నూనె పెట్టి రా."