ఈగల గదికి ఒక మనిషి కావాలి

పని లేనివాళ్లు ఈగలు తోలుకుంటారంటారు.
తార్తులో, విశ్వవిద్యాలయం వెనక సందులో,
మూడో అంతస్తులో
అదే పని.
నెల నెలా జీతం, ఏడాదికి ఇరవై ఎనిమిది సెలవులు,
తలుపు తీస్తే పులిసిన పిండి వాసన.

మూడు వేల నాలుగు వందల గాజు గొట్టాలు.
ఒక్కో గొట్టంలో ఒక్కో లోటు.
ఒక జన్యువు నోరు నొక్కి
ఈగ ఏం మర్చిపోతుందో చూడటమే మా శాస్త్రం.
దీనికి నిద్ర రాదు. దానికి రెక్క వంకర.
ఆ చివరి అరలోది వెలుతురు వైపు నడవదు.
కొన్నింటికి ఏమీ కాదు.
పక్క జన్యువేదో ఆ పని కూడా నెత్తినేసుకుంటుంది,
చప్పుడు చెయ్యకుండా.

వీవె ఇక్కడ ముప్పై ఒక్కేళ్లు చేసింది.
సెప్టెంబరులో కేకు కోసి, ఊలు టోపీ పెట్టుకుని,
బొగ్గుపులుసు వాయువు సిలిండరు మర కట్టేసి వెళ్లిపోయింది.

మొదటి వారం ఏమీ కాలేదు.
రెండో వారం మేత గిన్నె మాడింది.
మూడో వారం అరవై గొట్టాలకు నల్లి పట్టింది.
అక్టోబరు చివర్లో తెలిసింది,
కరెంటు పోయిన రాత్రుల్లో కాపలావాళ్లు ఫోన్ చేసేది
ఫారంలో రాసున్న నా నంబరుకి కాదని.
బిల్బావో నుంచి వచ్చిన ఉనాయ్
థీసిస్ మానేద్దామనుకున్న రోజుల్లో
మధ్యాహ్నాలు ఎక్కడ కూర్చునేవాడో
అదీ అప్పుడే తెలిసింది.
ముప్పై ఒక్కేళ్ల ప్రయోగం.
ఫలితం ఆమె వెళ్లాక మొదలైంది.

ప్రకటన నన్నే రాయమన్నారు.
మాస్టర్స్ డిగ్రీ. డేటా నిర్వహణలో అనుభవం.
ఒత్తిడిలో పనిచేయగల సామర్థ్యం (ఎవరి ఒత్తిడో రాయలేదు).
రెండేళ్ల కాంట్రాక్టు; గ్రాంటు దయ.
యూలార్ రోబో కొందామన్నాడు. కొటేషన్ చదివాను.
గొట్టాలు మారుస్తుందట, గంటకు నాలుగు వందలు.
కదలని ఈగ చచ్చిందా పడుకుందా అన్నది
దాని కొటేషన్‌లో లేదు.

ముగ్గురు వచ్చారు.
మొదటివాడు, పరిశోధన పత్రాల్లో తన పేరు ఎన్నోది అని అడిగాడు.
తప్పేం లేదు, నేనైనా అడుగుతాను.
రెండో అమ్మాయి విల్నియస్ నుంచి తెరమీద మాట్లాడింది.
అన్నీ వచ్చు. ఈగలంటే మాత్రం చచ్చేంత అసహ్యమని
చివర్లో నిజం చెప్పింది. ఆమె నాకు నచ్చింది.

మూడో మనిషి హెల్యు తంబెర్గ్, యాభై రెండేళ్లు,
వొరు దగ్గర బడిలో వంటమనిషి.
పిల్లల్లేక బడి మూసేశారు.
డిగ్రీ గడిలో చిన్న గీత గీసింది, నీటుగా, స్కేలు పెట్టి.
కెర్తు ప్రశ్న సగంలో ఉండగానే లేచింది.
"క్షమించండి, అడుగంటుతోంది."
అవతలి గదిలో మొక్కజొన్న పిండి, మడ్డిపాకం, ఈస్టు.
మాకెవరికీ వాసన రాలేదింకా.
మంట తగ్గించి, గరిటెతో గిన్నె అడుగు తడిమి చూసి,
తిరిగొచ్చి కూర్చుంది.
"ఏదో అడుగుతున్నారు."

ఫైలు సిబ్బంది విభాగంలో ఉంది.
డిగ్రీ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు పోదట.
మూడు లేఖలు రాశాను. నాలుగోది రాస్తున్నాను.
వీవెకి ఫోన్ చేశాను ఒకసారి. ఎత్తలేదు.
మంచి పని చేసింది.

మూడున్నరకే చీకటి. అందరూ వెళ్లాక
తెల్లకోటు చేతులు మడుచుకుని
నేనే గొట్టాలు మారుస్తున్నాను, చప్పుడు చెయ్యకుండా.
డీన్‌గారి నెలవారీ నివేదికలో ఉంది:
ఖాళీ వల్ల పనికి అంతరాయం ఏమీ లేదు.

ఇవాళ్టికి రెండు వేల పన్నెండు దాకా వచ్చాను.
చివరి అరలోవి, వెలుతురు వైపు నడవనివి.
దీపం కాస్త దగ్గరికి జరిపాను,
తెలిసి కూడా.