మూడో కాపీ

"గట్టిగా నొక్కు. మూడో కాపీ దాకా పడాలి."
మత్సుఎ నీటి సరఫరా ఆఫీసులో
మొదటి రోజు నాకు నేర్పిన విద్య అదొక్కటే.
నేర్పినవాడు తొకుజి, నాకన్నా నాలుగేళ్ళు సీనియరు.

ముప్పై ఒక్క ఏళ్ళు నొక్కాను.
గుమ్మం పక్కన ఇనపమూత ఎత్తి,
సాలెగూడు తుడిచి, మీటరు చదివి,
మోకాలి మీద చీటీల పుస్తకం ఆనించి
ఇంటిపేరు, అంకెలు.
ఎక్కడన్నా కారుతున్నట్టు అనుమానమొస్తే
పక్కన "నీరు" అనే అక్షరం, చుట్టూ సున్నా.
మధ్యన ఒక నిలువు గీత, దాని పాదానికి ఎడమవైపు కొక్కెం,
అటూ ఇటూ విదిలించిన చేతులు.
కొక్కెం ఎందుకని ఎవరూ అడగరు.
బళ్ళో అది పెట్టకపోతే మార్కు కోసేవారు, అంతే.
బాల్‌పెన్నుకి వానా ఎండా ఒకటే.
నా మధ్యవేలి మీద కాయ మటుకు
శనగగింజంత.

రిటైరయ్యాక ఇసోబె గారి దగ్గర చేరాను,
బియ్యం కొట్టు మేడ మీద, గురువారాలు.
సిరాకడ్డీ రాతి మీద అరగంట అరగదీయించి
అప్పుడిచ్చింది కుంచె.
మొదటి గీతకే కాగితం చిరిగింది.
"కాగితం కింద ఇంకెవరైనా ఉన్నారా?" అంది.
ఉన్నారు, ఇద్దరు,
అనబోయి ఊరుకున్నాను.

ఎముక లేని చెయ్యి కుంచెది,
ఉన్నదంతా ఇచ్చేస్తుంది.
ఆగిన చోటల్లా మడుగు కడుతుంది.
దగ్గితే దగ్గు కూడా రాస్తుంది.
పెన్ను చెప్పింది చేసి నోరు మూసుకునేది,
ఇది చెప్పింది చేస్తూనే నా మీద చాడీలు చెబుతుంది.
నాలుగు నెలలు "నీరు" ఒక్కటే రాశాను.
నీరు తప్ప అన్నీ వచ్చాయి:
విరిగిన గొడుగు, కాళ్ళు బారజాపిన కప్ప,
ఒకసారి అచ్చం మా మేనేజరు.

ఒక గురువారం
నిలువు గీత కిందికి దిగి, నిలబడి,
కుంచె తనంతట తాను ఎడమకి ఎగిరింది,
తరవాతి గీత అటే ఉంది కనక.
కొక్కెం అంటే ఇదా!
గీత నించి గీతకి గాల్లో నడిచే దారిలో
నేల మీద మిగిలిపోయిన మొదటి అడుగు.
ఇన్నేళ్ళూ ఆ అడుగు వేసి వేసి
ఎక్కడికీ వెళ్ళలేదు నేను.

ఫిబ్రవరిలో తొకుజి పోయాడు.
చావు కవరు మీద పేరు పల్చటి సిరాతో రాయాలి.
కన్నీళ్ళు పడి పలచబడిందని అర్థమట.
కాదు, అరగదీసే తీరిక లేకనట. మనిషికో మాట.
స్టేషను పక్క దుకాణంలో కుంచెపెన్ను దొరుకుతుంది:
ఒక కొస నలుపు, రెండో కొస బూడిదరంగు,
కన్నీళ్ళు కంపెనీవాళ్ళే కలిపి ఇస్తారు.
కొన్నాను. ఇంటికొచ్చి దాన్ని సొరుగులో పడేసి
రాయి తీశాను.
అలవాటున చెయ్యి అరగంటా అరగదీసింది.
కాకినలుపు.
ఎంత నీరు పొయ్యాలో
నీరు కొలిచి బతికిన నాకే తెలియలేదు.
చుక్క, ఇంకో చుక్క,
చెంచాడు.

పేరు పాలిపోయి పడింది, అంచులు కాగితంలోకి జారుతూ.
ఎక్కడో చూసిన రంగు.

మా ఇంటి మీటరు తొకుజి చదివేవాడు,
సొంతిల్లు సొంతంగా చదవకూడదని రూలు.
మూడో కాపీ ఇంటివాళ్ళది.
చిగుసా వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచేది.
స్నానాలగది గొట్టం పగిలిన ఏటిది దొరికింది:
కార్బను వెలిసి, ఇదిగో, ఇదే బూడిద,
అంకెల పక్కన సున్నాలో "నీరు".
అతని నిలువు గీత ఆగలేదు.
కొక్కెం మీదుగా ఎడమ చేతిలోకి, అక్కణ్ణించి కుడికి,
ఎత్తకుండా, గొలుసుకట్టుగా,
బాల్‌పెన్నుతో,
వానలో, మోకాలి మీద.

నాకెందుకు చెప్పలేదు?
అడిగానా.

చీటీ వెనక్కి తిప్పి వేలితో తడిమాను.
గట్టిగానే నొక్కాడు.
కవరు ఇంకా ఆరలేదు, ఆరున్నర బస్సుకి టైమవుతోంది,
ఊదుతూ కూర్చున్నాను.