శనివారం ఆఖరి పీరియడు

ఎలీషమ్మ టీచరు రూలు ఒకటే:
ఐదు నిమిషాలు మాట్లాడాల,
ఆఖర్న నచ్చిన మంచిమాట ఒకటి
బోర్డు మీద రాసి కూర్చోవాల.

తాడిపత్రి హైస్కూలు, పదో తరగతి బి.
కిటికీ అవతల పాలిష్ మిషన్ల రొద.
చాక్‌పీసు పొడో, రాతి పొడో తెలీని తెల్లదనం
అందరి కనురెప్పల మీదా.

అక్షరాల వరసన పిలిచేది.

ఓబుళమ్మ లేచింది.
వాళ్ళ ఊరి కాడ బస్సు ఆపని డ్రైవరు గురించి చెప్పింది.
ఒకనాడు రోడ్డుకు అడ్డం నిలబడి
సద్దిగిన్నె పైకెత్తి చూపిందంట.
‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అని రాసింది.
‘అడ్డం పడనిదే బస్సైనా ఆగదు’
ఎనక బెంచీ నుంచి ఎవరో అందించినారు.
టీచరు దాన్ని కూడా రాయించింది.

దస్తగిరికి మాట తట్టుకుంటాది.
ఐదు నిమిషాల్లో ఒక్క వాక్యమే పూర్తయింది:
వాళ్ళ నాయన పంచరు వేస్తా వేస్తా పాట పాడతాడని.
చేతికి మాత్రం ఏ తట్టూ లేదు,
ముత్యాల్లాంటి అక్షరాలతో
‘నిదానమే ప్రధానం’ అని రాసినాడు.
నవ్వినాము.
ముందు నవ్వింది వాడేనని
ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకుంటా ఉండా.
నోటుబుక్కులో అట్ల లేదు.

మద్దిలేటి రాళ్ళ గురించి చెప్పినాడు.
బండను ఏటవాలుగా నిలబెట్టి
ఏలి కణుపుతో కొట్టి వినాలంట.
మంచి రాయి ఖంగుమంటాది,
లోపల పగులుంటే గొణుగుతాది.
పైకి రెండూ ఒకే నునుపు, ఒకే నలుపు.
వాళ్ళ నాయన దగ్గు గురించి మాత్రం చెప్పలేదు.
సేటు ఆఫీసు క్యాలెండరులో చూసిన మాట
‘కస్టే పలి’ అని రాసి కూర్చున్నాడు.
ష కింద ఎర్రగీత పడింది, ఫ కింద ఇంకోటి.

రహమత్‌బీ రాయకముందే అడిగింది:
‘మంచిమాటలన్నీ మగోళ్ళే చెప్పినారా టీచర్?’
వాళ్ళ నానీ మాట ఒకటి రాసింది:
‘ఉప్పు తక్కువైతే అందరూ అడుగుతారు,
సరిపోయిననాడు ఎవరూ అడగరు.’
ఎలీషమ్మ టీచరు కుర్చీలో కూర్చుని
చాలాసేపు డస్టరు దులుపుతా ఉండిపోయింది.

సుంకన్న తలకిందులు చేసినాడు.
ముందే ‘మౌనం అర్ధాంగీకారం’ అని రాసి
చేతులు కట్టుకుని నిలబడినాడు.
‘దేనికిరా అంగీకారం?’
‘ఇంటికి పోనీకి, టీచర్.’
గంట కొట్టినారు.

తర్వాత నేను, హ అక్షరం, హంపమ్మ.
మళ్ళా శనివారం నీళ్ళ కోసం ధర్నా,
ఆపైవారం పరీక్షలు.

ఇప్పుడు పాలిష్ ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తా.
పాత నోటుబుక్కు సొరుగులో ఉండాది,
ఆఖరి పేజీల్లో మాటలన్నీ వరసగా.
ఇంతకంటే మంచివి
లారీల ఎనక రోజూ చదువుతా ఉండా.
ఆ మాటలు ఎవురివైనా రాస్తారు,
సద్దిగిన్నె ఎత్తిన చెయ్యి మాత్రం
ఓబుళమ్మదే.

నిన్న బళ్ళారి నుంచి ఒక లోడు ఎనక్కి వచ్చింది,
పగులుండాదని.
సూపర్వైజరు రాకముందే
ఒక్కో బండనూ ఏలితో కొట్టి విన్నా.
‘ఎవురు నేర్పినారక్కా?’ అన్నాడు హమాలీ పిల్లోడు.
మద్దిలేటి అని చెప్పినా.
ఎవురో వానికేం తెలుసు.
ఇరవైలో నాలుగు గొణిగినాయి.
పద్దు పుస్తకంలో ఎక్కించినాక
ఏమో, ఊరికే,
దస్తగిరి వాక్యం మీద కూడా ఏలితో కొట్టినా.

ఈరోజు మంగళవారం.
మిషన్లు ఆగినాయి, కరెంటు లేదు.
అరుగు మీద పది మంది అన్నాలు తింటాండారు.
‘ఒక ఐదు నిమిషాలు’ అంటా
లేచి నిలబడినా.
బండ ఒకటి ఖాళీగా ఉండాది,
చేతిలో మార్కింగు చాక్‌పీసు.
‘చెప్పక్కా’ అన్నాడు పిల్లోడు
ముద్ద నోట్లో పెట్టుకుంటా.

మా... మా నాయన, అని మొదలుపెట్టినా.