గత వినియోగం

దరఖాస్తులో పదకొండో గడి:
"స్థలం యొక్క గత వినియోగం. రెండు పంక్తులకు మించరాదు."
మునిసిపల్ ఆఫీసు మూడో అంతస్తులో
మంచు కరగక ముందు పెన్ను తీసినదాన్ని
మే నెల వచ్చినా
ఆ రెండు పంక్తుల దగ్గరే ఉన్నాను.

జింకు కరిగించారు, అని రాయొచ్చు.
నూట ముప్పై ఏళ్లు, అని కూడా.
ఫ్యాక్టరీ పేరు ఎవెలీనా,
మొదటి యజమాని కూతురి పేరట.
ఆ పిల్ల ఒక్కనాడూ ఇటు తొంగి చూడలేదట.
కంపెనీ దివాలా తీసిన రోజు మాకు
తాళంచెవుల గుత్తి, తడిసిన రిజిస్టర్లు, ఆగిన గోడగడియారం
లెక్కపెట్టి అప్పజెప్పారు.
నేల కింద ఉన్నదానికి రసీదు లేదు.

నా కిటికీలోంచి ఇటుక ఇళ్ల వరుస కనిపిస్తుంది,
కిటికీ చట్రాలకు ఎర్ర రంగు,
మా సిలేసియా అంతటా అంతే.
వెనక బూడిద గుట్ట.
గుట్టకీ ఇళ్లకీ నడుమ
ఎవాల్డ్ పిట్లిక్ పావురాల గూడు, పక్కనే నాలుగు మడుల తోట.
తాత కొలిమి దగ్గర, తండ్రి కొలిమి దగ్గర.
ఎవాల్డ్ ఆ కొలిమి ఆర్పినవాడు.

ఫిబ్రవరిలో యాగ్నా వచ్చింది,
మోకాళ్ల దాకా బూట్లు, జేబులో సగం తిన్న బన్ను.
ఇనుప గొట్టం నేలలోకి దింపి
మీటరుకో సీసా నింపింది.
నర్సు రక్తం తీసినట్టే తీసింది.
ఇదే వీధిలో, మా అమ్మ చిన్నప్పుడు,
పిల్లల చేతులకూ అలాగే గుచ్చారట.
ఫలితాలు ఎవరికీ చెప్పొద్దన్నారట.
ఆ పేర్ల కాగితం కోసం పాత బీరువాలన్నీ వెతికాను.
దొరకలేదు.
గత వినియోగం అంటే అది కూడానా?

నాలుగో మీటరులోనూ సీసమే.
"ఇంకా కింద?" అన్నాను.
"కిందికి పోవాలంటే డబ్బు కావాలి, మేడమ్"
అంది యాగ్నా, బన్ను కొరుకుతూ.

డబ్బు సంగతి ఇదీ:
నూటికి ఎనభై అయిదు రాజధాని ఇస్తుంది,
పదిహేను ఊరు పెట్టుకోవాలి.
ఆ పదిహేనులో ఒక ఈతకొలను ఉంది,
రెండు ట్రాములున్నాయి,
లైబ్రరీ పైకప్పు ఉంది.
"విందు తిన్నవాడు వెళ్లిపోయాడు,
ఎంగిలాకులు మనం ఎత్తాలా?"
అని కౌన్సిలర్ గ్జేష్చిక్ లేచి అడిగాడు.
అబద్ధమేం కాదు. సభ బల్లలు చరిచింది.
మినిట్స్ రాస్తున్న నా చెయ్యీ
ఒక్క క్షణం ఊరుకోలేకపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి ఎవాల్డ్
నెమ్మదిగా నడిచొచ్చి
బల్ల మీద ఒక కట్ట పెట్టాడు.
చుక్కకూర. తన తోటదే.
వేళ్లకు తడి మట్టి ఇంకా అంటుకునే ఉంది.
"ఈ రాత్రికి సూప్ చేసుకోండి," అన్నాడు.
"ఎవరు తీసుకెళ్తారు?"

ఎవరూ చెయ్యి చాచలేదు.
ఓట్లు లెక్కపెట్టారు: పన్నెండు, పది, ఒకరు తటస్థం.
పని మొదలవుతుంది అన్నమాట.
అందరూ కోట్లు వేసుకుని వెళ్లిపోయారు,
కూర కట్ట మాత్రం అక్కడే.

బల్లలు తుడవడానికి వచ్చిన లెస్యా,
మా ఊరికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు,
కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వింది.
"ఎంత తాజా! అమ్మ గుడ్డు వేసి వండేది.
నేను తీసుకెళ్లనా?"

సీసం అనే మాట ఆమె భాషలో నాకు తెలీదు.
కట్ట లాక్కున్నాను.
చెత్తబుట్టలో వెయ్యబోయి, ఆ బుట్టా ఆమే ఎత్తాలి కదా అని
సంచిలో మూటకట్టి
సొరుగులో పెట్టి తాళం వేశాను.
లెస్యా ముఖంలో చూపు
పిసినారిని చూసే చూపు.

ఆ రాత్రే గడి నింపాను:
"జింకు కర్మాగారం. దాని చుట్టూ ఇళ్లు.
కూరగాయలు పండించేవారు, తినేవారు."
సరిగ్గా రెండు పంక్తులు.

లారీలు మొదలైన రోజు ఎవాల్డ్ అడిగాడు,
ఈ మట్టి ఎక్కడికి పోతుందని.
ప్లాస్టిక్ పరిచిన గుంతకు, తొంభై కిలోమీటర్లు, అన్నాను.
ఆ ఊరి పేరు కూడా చెప్పాను.

గూటి తలుపు మీద చెయ్యి ఆనించి
కాసేపు లెక్క వేసుకున్నాడు.
"పావురానికి గంట దూరం," అన్నాడు.
"అంతేనా."