నాలుగు మిల్లీమీటర్లు

మంగళవారం సూదులు పొడిచి వెళ్లాను.
శుక్రవారం చదవడానికి వచ్చాను.
మొనాఘన్ కొండలు బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి,
గిన్నెకో ఇల్లు, ఇంటికో మంద.
తెల్లారగట్ల నుంచీ చినుకు,
కురిసినట్టూ ఉండదు, వెలిసినట్టూ ఉండదు.

నా పని చిన్నది.
మెడ మీద రెండు చోట్ల జుట్టు కత్తిరిస్తాను.
పైన పిట్టల క్షయకు ఒక సూది,
కింద పశువుల క్షయకు ఒకటి.
డెబ్బై రెండు గంటలాగి
తోలు మడిచి కాలిపర్ పళ్ల మధ్య పడతాను.
పై వాపు కన్నా కింది వాపు
నాలుగు మిల్లీమీటర్లు మించిందా,
ఆ ఆవు సాయంత్రానికి ఒక పద్దు అవుతుంది.

మలకీ ఒక్కోదాన్నీ ఇనప సందులోకి తోలుతున్నాడు.
చెవి బిళ్ల మీది నంబరు నేను చదువుతాను,
అతను పేరు చెబుతాడు.
నా ఫారంలో పేరుకి గడి లేదు.

వంటింట్లో రేడియో.
మంత్రిగారు కొత్త ప్రణాళిక చదువుతున్నారు:
ఇన్ని కోట్ల యూరోలు, అందులో రైతుల వంతు ఇంత,
బొరియల్లో బ్యాడ్జర్లకు టీకాలు,
పరిహారానికి ఒక కమిటీ, కమిటీకి ఒక ఉపసంఘం,
ఫలానా ఏటికల్లా
ఈ నేల మీద పశుక్షయ ఉండదట.
నేను ఉద్యోగంలో చేరిననాడు
ఆ ఫలానా ఏడు పదేళ్ల దూరంలో ఉండేది.
ఇప్పుడూ పదేళ్ల దూరంలోనే ఉంది,
మనతో పాటు నడిచే చందమామలాగా.

కోట్లు రేడియోలో ఉన్నాయి.
నా జేబులో స్కేలు, దాని మీద వెంట్రుకవాసి గీతలు.

ఇరవై మూడో ఆవు.
పైన రెండు పెరిగింది. కింద ఏడు.
మళ్లీ కొలిచాను.
వేలితో తడిమాను,
తోలు కింద ఉడికిన చిక్కుడు గింజంత గట్టిదనం.
మూడోసారి కాలిపర్ తెరుస్తుంటే మలకీ అన్నాడు:
"కొలిచిన కొద్దీ తగ్గుతుందా, కార్మాక్?"

దాని పేరు ఫిలొమీనా.
నిండు చూడిది. ఇంకో పద్దెనిమిది రోజులు.
వెలకట్టేవాడు సోమవారం వస్తాడు.
కడుపులో దానికి విడిగా కడతాడో
తల్లిలో కలిపేస్తాడో,
ఆ కాగితం నా దగ్గర ఉండదు.

కన్సెప్టా టీకి పిలిచింది.
మలకీ తల్లి, ఎనభై దాటింది.
సర్కారుని రెండు మాటలు తిడదామనుకున్నాను,
ఇలాంటి రోజున, ఇలాంటి ఇంట్లో
అది ఒక మర్యాద.
ఆమె స్వెట్టరు మెడ కిందికి లాగింది.
చెవి కింద, దవడ వారగా
ఎండిన నేరేడు తొక్కలా ముడుచుకున్న మచ్చ.

"నాకు ఆరేళ్లు. చెల్లెలు బ్రైడీకి నాలుగు.
ఒకటే ఆవు, ఒకటే కూజా,
కాచకుండానే తాగేవాళ్లం, పొదుగు వేడి ఉండగానే.
నాకు మెడలో గడ్డలు లేచాయి, దానికి వెన్నులో.
నాకు మచ్చ మిగిలింది.
అప్పట్లో ఈ గేటు తీసుకుని
నీలాంటివాడు ఎవడూ రాలేదు.
రాయి బాబూ, ఉన్నదున్నట్టు రాయి."

అదే చోటు.
ఆవుకి నేను జుట్టు కత్తిరించేదీ అక్కడే.

"మరి ఫిలొమీనా?" అన్నాను, అడక్కూడదనుకుంటూనే.
ఆమె లేచి రేడియో కట్టేసింది.
"దాని కోసం ఏడవడానికి
బడ్జెట్టులో ఏమీ పెట్టలేదులే.
అది మేం చూసుకుంటాం."

రాశాను. తేడా ఐదు. సంతకం, తేదీ.
బయటికొచ్చేసరికి మలకీ
విడి కొట్టంలో కొత్త గడ్డి పరుస్తున్నాడు,
ఈనబోయేదానికి పరిచినట్టే, మందంగా.

కాలిపర్‌ని స్పిరిట్‌తో తుడిచాను.
అరవై రోజులకి మళ్లీ రావాలి.
గేటు వేస్తుంటే
పక్క పొలం గోడ మీంచి ఒక ముసలాయన
"ఎన్ని?" అన్నట్టు గడ్డం ఎత్తాడు.
ఒక వేలు చూపించాను.
ఆయన ఏమీ అనలేదు.
వెనక్కి తిరిగి
తన ఆవుల్ని లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు.